బ్రేకు లేని సీట్లో ప్రయాణ ప్రార్థన

...అందుకే చెబుతున్నాను, దైవాశీర్వాదం గారి కారెక్కేటప్పుడు మీరు కాస్త తిని ఎక్కండి. అమెరికాలో సియాటిల్ పక్కన బాతెల్‌లో ఆయనింటి నుంచి ఇండియన్ స్టోర్‌కి ఏడు నిమిషాల దారి. బయల్దేరే ముందు ఆయన చేసే ప్రయాణ ప్రార్థన పదకొండు నిమిషాలు. నాలుగు టైర్లనీ విడివిడిగా దేవుడికి అప్పగిస్తారు. ఇంజన్, వైపర్లు, జీపీఎస్‌లో మాట్లాడే ఆవిడ, ఎవర్నీ వదలరు.

"స్టెప్నీ మర్చిపోయారు," అని వెక్కిరిస్తుంది భార్య జ్ఞానమ్మ.

"మంచి మాట గుర్తుచేశావు," అని మళ్ళీ కళ్ళు మూసుకుంటారు.

ఒకసారి గ్యాస్ స్టేషన్‌లో పంపు దగ్గరే మొదలుపెట్టారు. వెనక ఒకటే హారన్లు. పోలీసు వచ్చి అద్దం తట్టాడు. దైవాశీర్వాదం గారు అద్దం దించి, అతని పేరు కనుక్కుని, అతణ్ణీ ప్రార్థనలో కలిపేశారు. పాపం, ఆ పోలీసు టోపీ తీసి నిలబడిపోయాడు.

వాళ్ళింట్లో పైగదిలో రిషిత అని ఎమ్మెస్ అయిన అమ్మాయి అద్దెకుండేది. అది 2012 ఆగస్టు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి యాకిమాలో ఉద్యోగంలో చేరాలి. చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీలో పని లేకుండా ఉండనిచ్చేది తొంభై రోజులు, అందులో ఎనభై ఆరు అయిపోయాయి. తొంభై దాటితే దేశం వదలాలి. చిక్కల్లా యాకిమా కొండల అవతల ఉండటమే. లైసెన్సు వచ్చి మూడు వారాలు. పాత కరోలా ఒకటి కొంది గానీ, ఫ్రీవే దాకా వెళ్ళి వెనక్కి తిప్పుకొచ్చేస్తుంది.

"కొండ దిగేటప్పుడు ఏది తొక్కుతానో నాకే తెలీదు ఆంటీ. జాయిన్ అవనని మెయిల్ పెట్టేస్తా," అంది శుక్రవారం.

శనివారం దైవాశీర్వాదం గారు తయారై కూర్చున్నారు. "నీ కారుకి ఇంకా ప్రార్థనే చెయ్యలేదు కదమ్మా. యాకిమా దారిలో ఆ కనుమ, స్నోక్వాల్మీ పాస్ దాకా వెళ్ళొద్దాం పద."

పలావు డబ్బాతో జ్ఞానమ్మా ఎక్కింది. వెళ్ళేటప్పుడు రిషిత కారుని ఆయనే డ్రైవ్ చేశారు. పడమటికి వలస వచ్చినవాళ్ళు ఎడ్లబళ్ళతో ఆ కనుమ దాటిన పాత బాట అడవిలో ఇంకా కాస్త మిగిలుంది. పక్కన బోర్డు మీద ఓ కుటుంబం, బండి, రెండు ఎద్దుల బొమ్మ. దైవాశీర్వాదం గారు బోర్డంతా చదివి కళ్ళు మూసుకున్నారు.

"తండ్రీ, ఈ చంటిబిడ్డను, ఈ ఎద్దులను క్షేమముగా దాటించుము..."

"అంకుల్! వాళ్ళు దాటి నూటయాభై ఏళ్ళయింది!"

"చేరామని నీకేమైనా ఫోన్ చేశారా?"

రెండో ఎద్దు దగ్గరికి వచ్చేసరికి జ్ఞానమ్మ పలావు డబ్బా మూత తీసేసింది.

తిరుగు ప్రయాణంలో ఆయన తాళాలు రిషిత చేతిలో పెట్టారు. "నువ్వు పోనియ్యమ్మా. నాకింకా ఆ ఎడ్లబండి చక్రాలు మిగిలున్నాయి. కళ్ళు మూసుకుని డ్రైవ్ చెయ్యకూడదు కదా."

రిషిత జ్ఞానమ్మ వైపు చూసింది.

"నన్ను చూడకు తల్లీ, నాకు లైసెన్సే లేదు," అంటూ ఆవిడ వెనక సీట్లో కూర్చుంది.

కారు దిగుడులో పడింది. పక్క సీట్లోంచి ప్రార్థన మొదలైంది.

"ప్రభువా, ముందర ఎడమకు మలుపున్నది. నీ కుమార్తె పాదము యాక్సిలరేటర్ మీదనుండి లేచునట్లు కృప చూపుము."

లేచింది.

"వెనకనుండి వచ్చు ట్రక్కు దాటిపోవువరకు మమ్మును ఈ లేనులోనే కాపాడుము."

కారు లేను దాటలేదు.

"స్టీరింగు పీక అంత గట్టిగా పిసకనక్కరలేదని ఈమెకు బయలుపరచుము."

రిషితకి నవ్వొచ్చింది. నవ్వేసరికి బిగుసుకున్న భుజాలు దిగాయి. ఓరగా చూసింది. ఆయన కళ్ళు రెండూ ఇంతింత తెరుచుకుని రోడ్డు మీదున్నాయి. కుడికాలు, ఆ వైపు లేని బ్రేకుని అదేపనిగా తొక్కుతోంది.

"అంకుల్, కళ్ళు మూసుకోలేదేంటి?"

"ప్రభువా, ఈ పిల్ల నా మొహము కాక రోడ్డు చూచునట్లు చేయుము!"

ఇంటి ముందు పార్క్ చేసేదాకా ఆయన ఆపలేదు. దిగి, నుదుటి చెమట తుడుచుకుని, తిన్నగా లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగారు.

సోమవారం ఎనిమిదీ నలభైకి యాకిమా నుంచి ఫోన్. "చేరాను అంకుల్. ఒక్కదాన్నే!"

జ్ఞానమ్మ టిఫిను పెడుతూ అంది, "ఏవండీ, శనివారం ప్రార్థనకి ఆమెన్ అనలేదు మీరు. ఇప్పుడైనా అనండి."

"ఉండవే. శుక్రవారం తిరిగి రావాలి కదా."

శుక్రవారం వచ్చింది.

"సోమవారం మళ్ళీ వెళ్ళాలి కదా," అన్నారు.

మూడేళ్ళయింది. రిషిత ఇప్పుడు మంచులో కూడా పాటలు వింటూ ఆ కనుమ దాటేస్తోంది. ఆయన మాత్రం ఆ ఆమెన్ ఇంకా అనలేదు.