మజ్జిగ కుండ మీద పుర్రె

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో నాకు బోర్డులు రాసే షాపు ఉండేది. వేసవి సెలవుల్లో ఎనిమిది మంది పిల్లలకు అక్షరాలు దిద్దడం, పోస్టర్లు వేయడం నేర్పేవాణ్ణి. ఒకరోజు, "అక్షరం ముక్క రాయకూడదు. రెండే రంగులు. బొమ్మ చూడగానే మనిషి ఆగిపోవాలి," అని ఇంటిపని ఇచ్చాను.

మర్నాడు ఎండకు నాలుకలు పిడచకట్టుకుపోయి, మూలనున్న కుండలో మజ్జిగను, ఎవరు తెచ్చారని కూడా అడక్కుండా పంచుకుని తాగేశాం. కడుగుదామని కుండ ఎత్తితే, గోడవైపు పసుపు మీద ఎర్రటి పుర్రె, రెండు ఎముకలు! పక్కషాపులో పురుగుమందు డబ్బాల మీద ఉండే బొమ్మే.

నా గుండె చప్పుడు పక్కనున్న నాతవరం దాకా వినపడే ఉంటుంది.

"కడుపులో మెలితిప్పేత్తంది మేస్టారూ!" అని ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. వెంటనే మిగతావాళ్ళూ అందుకున్నారు. నా గొంతూ మండసాగింది. వీళ్ళ తల్లులకు ఏం చెప్పను? చెరో చంకలో ఒకణ్ణి వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తబోతుంటే, కుళాయి దగ్గర కుంచెలు కడుక్కుని, నా ఎనిమిది మందిలో ఒకతైన సత్యవతి వచ్చింది. ఖాళీ కుండ చూసి గయ్యిమంది.

"నా మజ్జిగంతా తాగేసేరేటండీ? ఎవులూ ముట్టకూడదనే కదా ఆ బొమ్మేసేను!"

"మరి గోడవైపు తిప్పేవేటే?" అన్నాను చంకల్లోవాళ్ళను కిందికి దించుతూ.

"తడారలేదండి. ఈళ్ళు సెరిపేత్తారని."

పిల్లల కడుపునొప్పులు అక్కడికక్కడే మాయం. సత్యవతికి పదికి పది వేశాను. బోర్డు చూసేవాళ్ళ వైపు తిప్పి పెట్టాలని నేర్పని మేస్టారుకి ఎన్ని వేయాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఈనాటికీ ఏ కుండైనా చుట్టూ తిరిగి చూశాకే తాగుతాను.