సద్దిమూటకు రెండు ముళ్లు

మా చిన్నప్పుడు... సాయంత్రం బస్సు వచ్చే వేళకు నేను ఊరి మూల మీద నిలబడేదాన్ని. బాపు సద్దిమూట తెచ్చుకోవడానికి.

బాపు, అంటే మా నాన్న, షాద్‌నగర్‌లో పల్లీల మిల్లులో మూటలు మోసేవాడు. తెల్లారకముందే మొదటి బస్సుకు పోయేవాడు. అమ్మ తర్వాత రొట్టెలు చేసి, రెండో బస్సు కండక్టర్ చేతికి మూట ఇచ్చేది. ఆ గిన్నెను బాపు మళ్లీ మూటగట్టి సాయంత్రం బస్సుకు పంపేవాడు. మూత ఉన్న గిన్నె ఇంట్లో అదొక్కటే మరి...

ఆ రొట్టెల సంగతి చెప్పాలి. జొన్నపిండిలో మసిలే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా ఆగకుండా మర్దించేది అమ్మ. పుంటికూర, అదే గోంగూర, పచ్చిమిరపకాయలతో ఉడికించి, ఎల్లిగడ్డ అనే వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో నూరేది. పైన వేయించిన నువ్వుల పొడి. రొట్టెకు రొట్టెకు మధ్యన ఆ తొక్కు రాసేది. మధ్యాహ్నానికి రొట్టె తొక్కును తాగి మెత్తబడేది. బాపు అడుగున ఒక ముక్క నా కోసం మిగిల్చి పంపేవాడు. అంత రుచి నేను మళ్లీ తినలేదు... నేను చేసినా రాలేదు.

బాపుకు రాయరాదు. అమ్మకు చదువరాదు. అందుకని వాళ్లకో గుర్తు ఉండేది. మూటకు ఒక ముడి ఉంటే ఆఖరి బస్సుకు వస్తున్నట్టు. రెండు ముళ్లుంటే మిల్లుకు లారీలు వచ్చాయి, ఆ రోజు అక్కడే పడుకుంటాడు. ఈ గుర్తు సంగతి నాకు అప్పుడు తెలియదు.

ఒకరోజు పొద్దటి నుంచీ వాన. మూట అందుకున్నానో లేదో ఆకలి ఆగలేదు. బడి అరుగు మీద కూర్చుని మూట విప్పి, నా ముక్క తినేశాను. ఇంటికి రాకముందు విప్పొద్దని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో... తడి గుడ్డ, చిన్న చేతులు. రెండు ముళ్లు విప్పినదాన్ని, తిరిగి ఒక్కటే వేశాను.

అమ్మ ఆ ఒక్క ముడి చూసుకుని బాపు కోసం వేడి రొట్టెలు చేసింది. దీపాలు పెట్టే వేళకు ఆఖరి బస్సు వచ్చింది. బాపు దిగలేదు. దిగినవాళ్లను అడిగితే, వాగు పొంగుతుంటే బస్సు ఖాళీ చేయించి అందరినీ నడిపించి దాటించారని చెప్పారు.

అంతే, అమ్మ ముఖంలో నెత్తురు లేదు. పక్కింటి లచ్చమ్మ పెద్దమ్మను పట్టుకుని ఏడ్చింది.

"అక్కా, మా ఆయన ఎక్కిండు. దిగలే. వాగుల ఏమైండో..."

"ఊకోవే! మనిషి కొట్టుకపోతే బస్సుల ఉన్నోళ్లు జూడకుంట ఉంటరా?"

"నా కండ్లతోని జూసిన అక్కా, ఒక్కటే ముడి ఉండె. వస్తనని చెప్పి పంపిండు."

వాడకట్టు వాడకట్టంతా వానలో బయటికొచ్చింది. ఇద్దరు మగవాళ్లు వాగు దిక్కు పోవడానికి కట్టెలు పట్టుకున్నారు. అప్పుడు నాకు అర్థమైంది. చెబితే చంపుతుందేమో... చెప్పకపోతే వీళ్లు వాగులోకి దిగుతారేమో...

"అమ్మా... రెండుండె. నేనే ఇప్పిన."

అమ్మ బురదలోనే కూలబడింది. "నిజంగ చెప్పు బిడ్డా. రెండుండెనా?"

"రెండుండె. రొట్టె తిన్న."

కొడుతుందనుకున్నాను. నన్ను లాగి ఒళ్లో వేసుకుని ఏడుస్తూనే నవ్వింది. లచ్చమ్మ పెద్దమ్మ కొంగు పిండుకుంటూ, "అందర్ని వానల తడిపితివి గదనే పిల్లా! ఇగ ఆయనకు చేసిన రొట్టెలన్న పెట్టున్రి, సల్లారిపోతయ్" అన్నది. ఆ రొట్టెలు తలా ఇంత తుంచుకుని తిన్నారు.

తెల్లారి బాపు వచ్చి, విని, నా నెత్తి నిమిరాడు. మరునాటి నుంచి నా ముక్కను మోదుగాకులో విడిగా చుట్టి పంపాడు. "గిది బిడ్డకట" అని కండక్టర్ నా చేతిలో పెట్టేవాడు. ఎన్నేండ్లు మోశాడో ఆ మనిషి... ఒక్కనాడు విసుక్కోలేదు. ఇప్పుడు తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... మొన్న నా మనవరాలు మౌనిక ఇంటికి రావడం ఆలస్యమైంది. రోజూ పాలమూరు నుంచి షాద్‌నగర్‌కు రైల్లో పోయి కంపెనీలో పని చేస్తుంది. బయట వాన. పట్టాల మీదికి నీళ్లొచ్చాయని ఫోన్‌లో వార్త. ఏ ఊరో చూద్దామంటే ఏదో ప్రకటన అడ్డం వచ్చింది. దాన్ని తీయబోయి ఇంకేదో నొక్కాను. ఫోన్ నల్లగా అయిపోయి ఒక గుండ్రం తిరుగుతూనే ఉంది... నేను ఇంట్లోకీ వాకిట్లోకీ ఎన్నిసార్లు తిరిగానో.

చివరికి పిల్ల తడిసి వచ్చింది.

"అవ్వా, ఫోన్ ఎందుకు ఎత్తుతలేవు? లేటైతదని మెసేజ్ గూడ పెట్టిన!"

"అది సచ్చిపోయింది బిడ్డా. నేనేం జేద్దు?"

"సావలే అవ్వా, అప్‌డేట్ అయితాంది. నువ్వే నొక్కినవ్. గా వార్త మన దిక్కుది కాదు, ఏడనో. జర ఫికర్ తగ్గించుకో, నీకు బీపీ ఉంది."

ఫికర్ తగ్గదు. పుట్టుకతో వచ్చింది. కానీ పిల్ల పీట వేసుకుని తింటుంటే, ఇంకేమీ వద్దనిపించింది దేవుడా...

ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో ఫోన్ చూపిస్తుంది, మంచిదే. మొన్న నేను వాకిట్లో నిలబడ్డ అంతసేపూ మా గల్లీలో అన్ని తలుపులూ వేసే ఉన్నాయి. వాళ్ల తప్పు కాదు, టీవీల ముందు కూర్చున్నవాళ్లకు నా సంగతి తెలిసి ఉండదు. ఒక ఇంటి మనిషి బస్సు దిగకపోతే వాడకట్టంతా వానలో తడిసిన రోజులు నేను చూశాను. అదే నా అదృష్టం అనుకుంటాను.

మీ ఇంట్లో బయటికి పోయినవాళ్లు క్షేమంగా ఉన్నారని ఎట్లా తెలిసేది? మీ కోసం ఎవరు వాకిట్లో నిలబడేవాళ్లు? రాయండి... మెల్లగా కూడబలుక్కుని అన్నీ చదువుకుంటాను.