మీసాల సారు బొమ్మ వెనక రాసిన మాట

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తన కంటికి కనబడిందే లోకం. ఆ రోజుల్లో నాకు మరీనూ. పొద్దున్నే నందికొట్కూరులో బస్సెక్కి కర్నూలు చేరి, ఒక మిఠాయి అంగడి పైన రెండు గదుల ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. ఆఫీసంటే మా ఓనరు, నేను, రెండు కంప్యూటర్లు, కింది నుంచి వచ్చే జిలేబీ వాసన. (ఆ ఏడాది నేను నాలుగు కిలోలు పెరిగాను. వాసనకే పెరిగానని మా అమ్మకు చెప్పాను. నమ్మలేదు.) తెర మీద రంగులు మెరిసి, బొమ్మలు పక్కనుంచి జారుకుంటూ వస్తే చాలు, అంతకు మించిన పనితనం లేదనుకునేదాన్ని.

అలాంటి సమయంలో ఒక ప్రైవేటు బడి వెబ్‌సైటు పని మా చేతికొచ్చింది. దాని కరస్పాండెంటును మేం చాటుగా మీసాల సారు అనేవాళ్ళం. ఆయన కంటే ముందు ఆయన మీసాలు గదిలోకి వచ్చేవి. ‘‘కాగితమనేది నా టేబుల్ మింద కనపడగూడదు పాపా. టీచర్ల అప్లికేషన్లు గూడా వెబ్‌సైట్లోనే రావల్ల’’ అని ఆయన పట్టుదల. పేజీ నెత్తిన తన ఫోటో పెట్టించి, నాలుగుసార్లు మార్పించాడు. నాలుగోసారి నాకు ఒళ్ళు మండింది. వెబ్‌సైట్లో ప్రతి బొమ్మ వెనకా అదేం బొమ్మో మాటల్లో రాసే చోటొకటి ఉంటుంది. తెర మీద అది కనబడదు. కనబడనిది ఎవరికోసమని నేను మిగతా బొమ్మలకు ఏమీ రాయలేదు. (ఎవరికోసమో కాలేజీలో చెప్పే ఉంటారు. ఆ క్లాసులో నేను వెనక బెంచీలో ఉప్పు సెనగలు తింటూ ఉండుంటాను.) సారు ఫోటోకు మాత్రం, ఎవరు చూడొచ్చారులే అని, ‘‘మీసాలు చూడండి, రెండు చీపుర్లు కట్టినట్టు’’ అని రాసి, కసి తీరి, టీ తాగాను.

సైటు మొదలై, టీచరు ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టే ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం అయిదుకు ఫారం మూసేస్తారు. ఆ మధ్యాహ్నం మీసాల సారు ఇంకో ఫోటో పట్టుకొని మా ఆఫీసులో ఓనరు పక్కన కూర్చునున్నాడు. అంతలో ముప్పై ఏళ్ళ మనిషి ఒకాయన, చేతిలో తెల్ల కర్రతో మెట్లు తడుముకుంటూ పైకొచ్చాడు. చూపు లేదు. ‘‘బడి వెబ్‌సైటు చేసినోళ్ళు ఈడేనా?’’ అన్నాడు.

‘‘ఈడే అన్నా, కూచో’’ అని కుర్చీ జరిపాను. ఆయనది ఆలూరు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడట, సంగీతం టీచరు ఉద్యోగానికి అర్హతలన్నీ ఉన్నాయట. ‘‘రెండ్రోజుల్నుంచి ఈ ఫారంతో తిప్పలు పడ్తాండా చెల్లెమ్మా. పేరు యాడ రాయల్నో తెలీదు. ఈ పొద్దే ఆఖరంట. బడికి పోతే మీ దగ్గరికి పొమ్మన్నారు.’’

‘‘అదెట్లన్నా? అంతా కండ్ల ముందరే ఉండాది గదా!’’ అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆయన నవ్వాడు. ‘‘నీ కండ్ల ముందర ఉంటాదిలే. నా ఫోన్ ఏం చెప్తాదో విను.’’ తెర మీదున్నదంతా పైకి చదివి వినిపించే ఏర్పాటు ఆ ఫోనులో ఉంది. ఆయన వేలు కదిపాడు. ఫోను గట్టిగా, తడబడకుండా చదివింది: ‘‘బొమ్మ. మీసాలు చూడండి, రెండు చీపుర్లు కట్టినట్టు.’’

మా ఓనరు గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి తిథి చూడసాగాడు. నేల చీలితే తిన్నగా జిలేబీ బాణలిలో పడదామని నేను సిద్ధంగా ఉన్నాను. సారు అక్కడున్నాడని తెలియని ఆ అన్న మాత్రం హాయిగా అన్నాడు: ‘‘మీ సైటు మొత్తంలో నాకు అర్థమైంది ఇదొక్కటే చెల్లెమ్మా. ఇన్నప్పుడల్లా నవ్వుకుంటాండా. ఆ సారెవరో తెలీదు గానీ ఆయప్ప మీసం మాత్రం శానా బాగా తెల్సు.’’

‘‘ఆ మీసం ఈడే ఉండాదప్పా’’ అన్నాడు మీసాల సారు.

అన్న ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. సారు ఆయన భుజం పట్టి కూర్చోబెట్టి, ‘‘నువ్వు కానీ. ఇంకేం చెప్తాదో ఇందాం’’ అన్నాడు. ఫోను చెప్పుకుపోయింది. ‘‘బటన్. బటన్. పేరు లేని గడి. పేరు లేని గడి. బొమ్మలోని అక్షరాలు టైపు చేయండి. బొమ్మ.’’

‘‘ఏం అక్షరాలు?’’ అన్నాడు సారు.

‘‘నాకూ అదే తెలీదు సార్.’’

సారు నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. మెల్లగానే అన్నాడు. ‘‘నా మీసానికి ఇంత రాసినావే పాపా, ఈయప్ప పేరు రాసుకునే గడికి ఒక్క మాట రాయలేకపోతివా?’’

తిట్టినా బాగుండేది. కళ్ళలో నీళ్ళు తిరిగి, ‘‘నువ్వు చెప్పన్నా, నేనే నింపేస్తా’’ అన్నాను.

‘‘వద్దు చెల్లెమ్మా. ఈ పొద్దు నువ్వు నింపుతావు. ఉద్యోగమొస్తే పిల్లోళ్ళ హాజరు, మార్కులు అన్నీ దీంట్లోనే ఎక్కించల్ల గదా? దినామూ నీ కాడికి యాడొచ్చేది?’’

అప్పటికి రెండున్నర. ఒక్కొక్క గడికీ పేరు, ఒక్కొక్క బటనుకూ అదేం చేస్తుందో, ఒక్కొక్క బొమ్మకూ అదేం బొమ్మో రాసుకుంటూ పోయాను. ఫారం నింపేది మనిషేనని తేల్చుకోడానికి పెట్టిన అక్షరాల బొమ్మ పీకేశాను. జారే బొమ్మలు ఫోనును మాటిమాటికీ మొదటికి లాగుతున్నాయంటే, నేను వారం రోజులు మురిసిపోయిన ఆ జారుడునూ ఆపేశాను. ఆయన పక్కనే కూర్చుని వింటూ, ‘‘ఈడ ఆగిపోయింది సూడు’’ అని చెబుతుంటే నేను సరిచేయడం. నా తెలివి పరీక్షిద్దామని మా ఓనరు నా ఫోనులోనూ ఆ చదివే ఏర్పాటు పెట్టి, తెర ఆర్పేసి, అది చెప్పేది వింటూ ఫారం నింపమన్నాడు. ఎంతో శ్రద్ధగా నింపి, తెర వెలిగించి చూస్తే అదే ఫారంలో ఉన్న బడి బస్సు డ్రైవరు ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టున్నాను. (నాకు సైకిలు కూడా రాదు.) మీసాల సారు నవ్వితే మీసాలు చెవుల దాకా పోతాయని ఆ రోజే తెలిసింది. కడుపు పట్టుకొని నవ్వి, కిందికి పోయి అందరికీ జిలేబీ పట్టుకొచ్చాడు.

అయిదుకు పావుగంట ముందు ఆ అన్న తనే అన్నీ నింపి, తనే బటను నొక్కాడు. ‘‘మీ దరఖాస్తు అందింది’’ అంది ఫోను. ఆ మాట మూడుసార్లు చదివించుకున్నాడు.

పోయేముందు సారు ఫోటో వెనక ఇప్పుడేం రాయాలని అడిగాను. ‘‘మీసం ఉండనీ. చీపుర్లు తీసెయ్’’ అన్నాడు సారు. అన్న మెట్ల దగ్గర ఆగి, ‘‘బొమ్మలన్నిటికీ రాసినావు. నువ్వెట్లుంటావో చెప్పనేలేదే చెల్లెమ్మా?’’ అన్నాడు. ఊరందరి మీదా మాటలు రాయగల దానికి నా మీద ఒక్కటీ తోచలేదు. ‘‘కండ్లద్దాలుంటాయన్నా. నోరెక్కువ’’ అన్నాను.

‘‘నోటి సంగతి ఇన్నాలే’’ అన్నాడాయన.

ఆయనకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో కీబోర్డు వాయించి సంపాదించుకున్నాడే తప్ప సారు దయ కాదు. నేను ఇప్పటికీ ఈ పనే చేస్తున్నాను. కడపలో కాపురం, ముగ్గురు నలుగురు పనిచేసే సొంత ఆఫీసు. మొన్న మా వెబ్‌సైటు కోసమని పాత ఫోటో ఒకటి ఎక్కించాను. జిలేబీ అంగడి మెట్ల మీద, నడుం మీద చేతులేసుకుని, లోకమంతా తన తెరలోనే ఉన్నట్టు నిలబడ్డ అమ్మాయి. దాని వెనక రెండుసార్లు రాసి చెరిపేశాను. చివరికి రాశాను: ‘‘కళ్ళద్దాల అమ్మాయి. అన్నీ కనబడుతున్నాయనే అనుకుంటోంది. ఏమీ అనకండి, పాపం.’’