ట్రైనింగ్‌కు వచ్చిన తండా పిల్లలు

బానోతు సరళ శిక్షణ ఇస్తుందంటే ఇప్పుడు భద్రాచలం అడవి బళ్ళ నుంచి వచ్చే టీచర్లు కూడా ముందు వరుస కోసం పెందరాళే చేరుకుంటారు. నేను ఆమె కన్నా వయసులోనూ సర్వీసులోనూ పెద్దదాన్ని. అయినా ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వమే. ఎందుకుండదు, ఆమె మొదటిసారి మా అందరి ముందు సుద్దముక్క పట్టుకున్నప్పుడు నేనక్కడే ఉన్నాను.

అసలు శిక్షణ అనే మాట వింటేనే అప్పట్లో మాకు ఒళ్ళు మండేది. రెండు వేల అయిదో ఆరో, ఆ ప్రాంతం. ఏడాదంతా ఊరుకుని, మార్చి దగ్గర పడేసరికి పైవాళ్ళకు మేం గుర్తొచ్చేవాళ్ళం. కారేపల్లిలో ఏదో ఒక బడి హాల్లో టార్పాలిన్ పరిచి మండలంలోని టీచర్లందర్నీ కూర్చోబెట్టేవారు. చల్లారిన ఉప్మా, చక్కెర ఎక్కువైన చాయ్. రిసోర్స్ పర్సన్‌గా వచ్చినాయన "మీరంతా రెండో తరగతి పిల్లలనుకోండి" అనేవాడు. అంతే, నేడో రేపో రిటైరయ్యే గోపాలు సారు కూడా చేతులు కట్టుకుని పసివాడైపోయేవాడు. ఏది అడిగినా గలగలా చెప్పేసేవాళ్ళం. మా అంత తెలివైన రెండో తరగతి భూమ్మీద ఇంకోటి ఉండదు.

సరళది లాలు తండా. కారేపల్లి దాటి అడవి అంచు దాకా పోయే మట్టిరోడ్డు మీద ఉంటుంది. లంబాడీ ఇంటి పిల్ల. చిన్నప్పుడు ఆమెను రెండో తరగతిలోనే బడి మాన్పించి మిరపతోటలకు తీసుకుపోయారు. తల్లి కాయలు ఏరుతుంటే చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టున కూర్చోవడం ఆమె పని. మిర్చి చేత్తో కళ్ళు నలుపుకుని ఊరంతా వినబడేలా ఏడ్చిన సంగతి ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. వినేవాళ్ళకే నవ్వు రాదు. మరుసటేడు తండ్రి హీరాలాల్ పట్టుబట్టి ఆశ్రమ పాఠశాలలో వేశాడు గనుక సరిపోయింది. టీటీసీ చేసింది, డీఎస్సీలో ఉద్యోగం కొట్టింది. బడి ఎంచుకునే రోజున అందరూ బస్సు ఆగే ఊళ్ళ కోసం కొట్లాడుకుంటుంటే తన తండానే కోరుకుంది. పిచ్చిదనుకున్నాం. ఒక్క టీచరున్న బడి అంటే ఊడ్చేదీ మనమే, గంట కొట్టేదీ మనమే. మనకు జ్వరమొస్తే బడికి తాళమే.

ఆ తాళమంటేనే ఆమెకు భయం. మిర్చి పండితే తండాలో సగం మంది ఎర్రుపాలెం వైపు ఏరడానికి పోయి వారాల తరబడి అక్కడే ఉంటారు. పిల్లల్నీ తీసుకుపోతారు. పోయిన పిల్లలు తిరిగొచ్చినా మళ్ళీ బడి మొహం చూడరు. ఆ ఏడు సరళ ఇల్లిల్లూ తిరిగి, తల్లుల గడ్డాలు పట్టుకుని ఒక ఒప్పందం చేసుకుంది. పిల్లలు నాయనమ్మల దగ్గర తండాలోనే ఉంటారు, సరళ మాత్రం రోజూ బడి తెరవాలి. అందరిలో మోతీ గట్టిది. ఆమె కూతురు జమ్లి రెండో తరగతి. చంటివాణ్ణి ఎత్తుకునే మనిషి లేక మోతీకి తోటలో పని సగమే సాగుతుంది. అందుకని ముందే తేల్చి చెప్పింది, బడి బందయిన రోజున పిల్లను తీసుకుపోతానని, ఆ తర్వాత ఎవరు కాళ్ళావేళ్ళా పడినా విననని.

సరిగ్గా అప్పుడే అయిదు రోజుల శిక్షణ అని ఆర్డరొచ్చింది. సరళ పోయి మండల విద్యాధికారిని బతిమాలింది. ఒక్కరిని వదిలితే అందరూ అడుగుతారన్నారాయన. అదీ నిజమే, మొదట అడిగేదాన్ని నేనే. మొదటి రోజు ఆమె బడికి తాళం వేసి వచ్చింది. సాయంత్రం తండాకు తిరిగి పోయేసరికి ఇద్దరు పిల్లల్ని అప్పటికే తోటలకు పంపేశారు.

రెండో రోజు మేం ప్రార్థన ముగించి కూర్చుంటుండగా బయట ట్రాలీ ఆటో ఆగింది. సరళ దిగింది. ఆమె వెనక పిల్లలు దిగుతూనే ఉన్నారు. నూనె రాసి దువ్విన తలలు, చేతుల్లో పలకలు, చంకల్లో కంచాలు. కంచాలు కూడా తెచ్చిందంటే ఆమె తెగువ చూడండి.

అధికారి గారు కేకలేశారు. దారిలో ఏమన్నా అయితే ఎవరిది జవాబు, అన్నాలెక్కడివి, శిక్షణ టీచర్లకా పిల్లలకా అని. సరళ తల దించలేదు. "రోజూ బడి తెరుస్తనని మాటిచ్చిన సార్. ఈ అయిదు రోజులు మా బడి ఈడనే" అంది.

నాకు కోపమొస్తే నోరు ఆగదు. ఆ సంగతి ఇంట్లో మా ఆయనకూ తెలుసు, మండలంలో అందరికీ తెలుసు. లేచి నిలబడ్డాను. "నిన్నంత లేని పిల్లలకు పాఠం చెప్పినం సార్. ఇయ్యాల ఉన్నోళ్ళకు చెప్తే తప్పేంది?" అన్నాను. హాలంతా గొల్లుమంది. పదిమంది నవ్వాక ఎంతటి అధికారైనా మెత్తబడాల్సిందే. పుష్పలత మేడంతో, అంటే నాతో, వాదన పెట్టుకోలేనని చెయ్యి ఊపి, మిగతాది ప్రభాకర్ గారి ఇష్టమని వెళ్ళిపోయారు.

ప్రభాకర్ గారంటే ఖమ్మం నుంచి మాకు శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన. పాట కట్టి పాఠం చెప్పే మనిషి. సంబరపడిపోయి పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని, పిట్ట బొమ్మ చూపించి కథ ఎత్తుకున్నారు. ముందురోజు మమ్మల్ని కడుపుబ్బ నవ్వించిన కథే. పాడారు, ఎగిరారు, చొక్కా తడిసింది. పిల్లలు ఆయన మీసాల వంక చూస్తూ కూర్చున్నారు తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళ ఇళ్ళలో లంబాడీ మాట, ఆయనది పుస్తకాల తెలుగు. ఇంకొకరైతే పిల్లల మీద విసుక్కునేవారు. ఆయన సుద్దముక్క తెచ్చి సరళ చేతిలో పెట్టారు. తన వల్ల కాలేదనీ, ఆమె చెబితే తాను కూడా పిల్లల్లో కూర్చుని చూస్తాననీ అందరి ముందూ అన్నారు. ఆ మాటతో ఆయన నా దృష్టిలో ఎంతో ఎత్తుకు పోయారు.

సరళ అదే కథను లంబాడీలో మొదలుపెట్టింది. పిల్లల వెన్నులు నిటారయ్యాయి. కథ నడుస్తుంటే ఒక్కో చోట ఒక్కో తెలుగు మాట వేస్తూ పోయింది, పప్పులో ఉప్పు వేసినట్టు, చాలినంతే. అన్నం గంట కొట్టేలోపు పిల్లలు పోటీపడి లేచి ఆ పిట్ట కథను సగం తెలుగులో, సగం తమ మాటలో మాకు తిరిగి చెప్పారు. శిక్షణలో నేను నిజంగా పెన్ను తీసి రాసుకోవడం అదే మొదలు.

మూడో రోజు ఆమె ఇంకో అడుగు వేసింది. ఇక ఎవరూ పిల్లల్లా నటించే పని లేదని, ఆ పూట పాఠం చెప్పేది పిల్లలేనని, నేర్చుకునేది మేమని చెప్పింది. మంచినీళ్ళు కావాలన్నా లంబాడీలో అడగాల్సిందే. కుండ దగ్గర జమ్లిని నిలబెట్టింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది, ఎండ దంచుతోంది. గోపాలు సారు కుండ దాకా పోవడం, మాట తప్పడం, వెనక్కి రావడం. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన నాకూ నాలుక తిరగలేదు. కొత్త మాటల మధ్య ఒకటో తరగతి పిల్లకు ఎట్లా ఉంటుందో గొంతెండితే గానీ తెలియలేదు. జమ్లి మాత్రం ఎవర్నీ కసరలేదు. పెదవులు మెల్లగా కదిపి చూపించి, మళ్ళీ అనమనేది.

అప్పుడొచ్చింది మోతీ. బియ్యం కోసం ఆ పొద్దున తోటల నుంచి తండాకు వచ్చి, బడి తాళం చూసి, పిల్లలు ఎక్కడున్నారో ఆరా తీసి వచ్చింది. చంకలో చంటివాడు. బయట రోడ్డు మీద కూలీలను ఎక్కించుకున్న డీసీఎం వ్యాన్ ఆగి ఉంది. మాకందరికీ తెలియాలనేమో తెలుగులోనే అడిగింది.

"మాట తప్పినవ్ సరళా. తండాల బడి బందుంది. మా పిల్లనియ్యి."

సరళ వాదిస్తుందనుకున్నాను. నేనైతే చీల్చి చెండాడేదాన్ని. ఆమె మాత్రం, "తాళం పడ్డది నిజమే అక్కా. జమ్లిని అడుగు. వస్తనంటే తీస్కపో" అంది. ఏడేళ్ళ పిల్ల తల్లి పిలిస్తే పోకుండా ఉంటుందా?

మోతీ పిలిచింది. జమ్లి కుండ మీద చెయ్యి తియ్యకుండానే, తల్లిని 'యాడీ' అని పిలుస్తూ వాళ్ళ మాటలో ఏదో జవాబిచ్చింది. మోతీ నిలబడ్డ చోటే నిలబడిపోయింది. ఏమందని ప్రభాకర్ గారు సరళను అడిగారు.

"'ఇప్పుడెట్ల వస్త యాడీ? ఈ సార్లకు ఇంక నీళ్ళడుగుడు గూడ రాలే' అంటుంది" అని చెప్పి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఎవరూ నవ్వలేదు. గోపాలు సారు లేచి కుండ దగ్గరకు పోయి, నెరిసిన తల వంచి, ఆ మాటను ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ అడిగాడు. ఈసారి తప్పు పోలేదు. జమ్లి గ్లాసు ముంచి ఇచ్చింది. మోతీ అదంతా చూసింది, గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూసింది.

బయట హారన్ కొట్టారు. మోతీ చంటివాణ్ణి గుడ్డతో వీపుకు బిగించి కట్టుకుని గబగబా బయటకు నడిచింది. మేమంతా కిటికీలకు అతుక్కున్నాం. పిల్లను తెస్తానని పోయి ఒక్కదానివే వచ్చావేమని కూలీల మేస్త్రి అడిగాడు.

"రాదు. ఆమెకు ఈడ పనుంది. నడువు" అని మోతీ వ్యాన్ ఎక్కింది.