తూర్పు మూల ప్లాటు

మా ముత్తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. తాత పోలీసు పటేల్. ఏ అధికారి వచ్చినా ముందు మా అరుగు మీద కూర్చుని చల్ల తాగి, ఆ తర్వాతే ఊళ్లోకి కదిలేవాడు. ఆ ఇంటి వారసుణ్ణి నేను. చేవెళ్ల నుంచి రోజూ మొయినాబాద్ వెళ్లి, ఒక వెంచర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. ఆ వెంచర్ వేసింది మా పొలంలోనే.

పొలం అమ్మినప్పుడు బాపు తూర్పు మూల ప్లాటు ఒక్కటి ఉంచుకున్నాడు. అందులో తాత సమాధి ఉంది. ఏటా పెత్రమాసకు, పెద్దల అమావాస్యనాడు, అక్కడ దీపం పెట్టేవాళ్లం.

దాని వెనక ప్లాటు కొన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి పడమర ముఖం నచ్చలేదు. మాది కావాలన్నాడు. వెంచర్ యజమాని మా ఇంటికి వచ్చాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు మా వాకిట్లో చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డవాడు. కొడుకూ చెప్పులు విప్పి గడప బయటే నిలబడ్డాడు.

“పటేలా, మీ గడపకొచ్చి అడుగుతున్న. ఆ మూల బిట్టు ఇయ్యుండ్రి, ఎనుకది తీస్కోండ్రి. సమాధిని పైలంగ జరిపిస్త, ఫికర్ చెయ్యకుండ్రి.”

గడపకొచ్చి అడిగినవాడికి లేదనడం మా ఇంట్లో లేదు. పటేలా అని పిలిపించుకుని బాపుకు ఎన్నేళ్లయిందో. నా వైపు చూడకుండానే, “సరే తియ్యి,” అన్నాడు.

మధ్యాహ్నం ఆఫీసులో ఆ యజమానే నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఇక్కడ నేను పటేల్‌ను కాను.

“రెండు పేర్లు అటుదిటు చెయ్యి. జల్ది. రిజిస్ట్రేషన్ ఇయ్యాల్నే.”

తొందరలో ముందు మా ప్లాటు మీద ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పేరు ఎక్కించాను. అంతే, రెండు ప్లాట్లూ అతనివే అయ్యాయి. బాపు పేరు ఎక్కడా లేదు.

పక్క సీటాయన తెరలోకి తొంగిచూసి నవ్వాడు. “ఏందన్నా, పటేండ్ల పేరే లేపేసినవ్?”

బాపు పేరు తిరిగి పెట్టి, ఈసారి ఒక్క క్వెరీలోనే, అంటే కంప్యూటర్‌కిచ్చే ఒకే ఆదేశంలో, రెండు షరతులూ రాశాను: మూల ప్లాటైతే ఆ ఉద్యోగి పేరు, వెనకదైతే మా పేరు. అట్లా రాస్తే కంప్యూటర్ పాత పేర్లు రెండూ చూసుకున్నాకే కొత్తవి ఎక్కిస్తుంది. ఎవరి పేరూ పోదు. రెండు రికార్డులు మారాయని తెర మీద పడింది.

“శభాష్,” అని యజమాని నా భుజం తట్టి వెళ్లిపోయాడు. మా ఇంట్లో మగవాళ్ల భుజం తట్టే ధైర్యం అంతకుముందు ఎవరికీ లేదు.

సమాధిని ఎవరూ జరపలేదు. పునాదులు తీసే జేసీబీ దాన్ని మట్టితోపాటే ఎత్తి లారీలో పోసింది. పెత్రమాసకు బాపు ప్రమిద పట్టుకుని వెనక ప్లాటులో కాసేపు నిలబడి, వెలిగించకుండానే ఇంటికి వచ్చాడు.

ఎండాకాలంలో ఆ ప్లాటు కూడా అమ్మేశాం.