కరుణమ్మకు రాని జడ

న్యూజెర్సీలో, ఐసెలిన్‌కి పది నిమిషాల దూరంలో ఉన్న తెలుగు చర్చిలో జడ అంటే కరుణమ్మే. క్రిస్మస్ నాటకం దగ్గరపడితే చాలు, ఆడపిల్లలంతా ఆమె ముందు వరస కట్టేవారు. బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో తోటి పిల్లలకు వేసి వేసి ఆమె చెయ్యి బాగా తిరిగిపోయింది. పాపిడి తీసి, బిగించి అల్లి, రిబ్బను కట్టి, "ఇక ఫో" అని వీపు మీద ఒకటి తట్టి పంపేది. ఆ చేతికి లొంగని తల ఒక్కటే ఉంది. అది ఆమె సొంత కూతురిది.

కూతురి పేరు పర్సిస్. తండ్రి డెస్మండ్ నల్లజాతి అమెరికన్. కరుణమ్మ నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే ఎక్స్‌రేలు తీస్తాడు. పిల్లకు నాన్న జుట్టే వచ్చింది, ఒత్తుగా, మెత్తగా, చిన్న చిన్న ఉంగరాలుగా. కరుణమ్మ దాన్ని పొడిగా ఉన్నప్పుడే పట్టుకుని, కుదుళ్ల నుంచి కిందికి, సన్నపళ్ల దువ్వెనతో లాగేది. ఆమెకు తెలిసిన పద్ధతి అదే మరి. దువ్వెనలు విరిగేవి. పిల్ల ఏడ్చేది.

డెస్మండ్ తల్లి లొరైన్ ప్రతి శనివారం వచ్చేది. మనవరాలిని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, జుట్టు తడిపి, క్రీము రాసి, చివర్ల దగ్గర మొదలుపెట్టి పైదాకా వేళ్లతో చిక్కు తీసి, సన్నసన్న జడలు అల్లేది. రెండు గంటలు పట్టేది. పిల్ల అలాగే ఆవిడ తొడ మీద తల వాల్చి నిద్రపోయేది. బాపట్లలో కరుణమ్మ తల్లి కూడా కూతుర్ని సరిగ్గా అలాగే మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకునేది. ఆ సంగతి ఆనాడు కరుణమ్మకు తట్టలేదు. తట్టి ఉంటే ఎంత బాగుండేది!

పర్సిస్‌కి ఎనిమిదేళ్లప్పుడు, ఆరాధన అయ్యాక పాస్టరమ్మ నవ్వుతూ అంది: "ఊరందరి పిల్లలకీ జడలేస్తారు, మీ పాప తల మాత్రం ఆ సన్న పిలకలతోనే వదిలేశారేంటి సిస్టర్?"

ఆవిడ మామూలుగానే అంది. కరుణమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. క్రిస్మస్ ముందు శనివారం లొరైన్‌కి ఫోన్ చేసి ఈ వారం రావద్దని చెప్పింది. షాపుకి వెళ్లి, ఉంగరాల జుట్టు సాఫుచేసే మందు పెట్టె ఒకటి తెచ్చుకుంది.

మందు పెట్టేముందు కొన్ని రోజులు తల రుద్దకూడదని ఆ పెట్టె మీద రాసే ఉంది. కరుణమ్మ చదివింది కూడా. నర్సు కదా, పెట్టె మీద అక్షరం వదలదు. కానీ తెల్లారితే చర్చికి వెళ్లే పిల్లకు తలంటు పోయకుండా ఎలా? మురికి తలకు మందేమిటి? ఓక్ ట్రీ రోడ్‌లోని ఇండియన్ షాపు నుంచి తెచ్చిన కుంకుడుపొడి నానబెట్టి, గోళ్లతో మాడంతా గీరి గీరి తలంటు పోసింది. ఆరాక, గీరుకుపోయిన ఆ మాడు మీదే మందు పట్టించింది.

"మంట అమ్మా! అమ్మా, మంట!"

"అయిపోయింది తల్లీ, ఓర్చుకో. ఇంకొక్క ఐదు నిమిషాలు."

మెడ దగ్గర జుట్టు ఇంకా సాగలేదని ఆ ఐదు నిమిషాలు. ఎడమ చెవి వెనక చర్మం బొబ్బలెక్కి ఊడి వచ్చింది. మర్నాడు రెండు జడలు వేసి, పుండు కనపడకుండా రిబ్బను కట్టింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ రోజు కరుణమ్మ నిజంగా సంతోషపడింది. ఇప్పుడు ఆమె తనను తాను క్షమించుకోలేనిది ఆ సంతోషానికే.

తరువాతి శనివారం లొరైన్ క్రీము సీసాతో వచ్చింది. మనవరాలి తల నిమిరి, చెవి వెనక చూసి, క్రీము సీసా మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. "నన్ను ఒక్క మాట అడగాల్సింది" అని మాత్రం ఇంగ్లీషులో అంది. ఆ తరువాత శనివారాలు రావడం మానేసింది. మూడేళ్ల కింద చనిపోయింది.

రెండు నెలలకోసారి మందు, పన్నెండేళ్లు. ఇరవై దాటాక పర్సిస్ మానేసింది. పది నెలలుగా కుదుళ్ల దగ్గర ఉంగరాల జుట్టు వస్తోంది, కింద సాఫు జుట్టు వేలాడుతోంది. రెండూ కలిసే చోట వెంట్రుక పుటుక్కున తెగుతుంది. ఇంటికొచ్చినప్పుడల్లా సింకులో ఆ తునకలే. కరుణమ్మ లంచ్ బ్రేక్‌లో ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంది. వెడల్పు పళ్ల దువ్వెన కొంది. ఒక్కసారి, ఒక్కసారి నొప్పి లేకుండా కూతురి తల దువ్వాలని ఆమె ఆశ. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం పర్సిస్ కాలేజీ నుంచి వచ్చి, కత్తెర ఆమె చేతిలో పెట్టింది.

"అమ్మా, వెనక నాకు కనపడదు. స్ట్రెయిట్ ఉన్నది అంతా కట్ చేస్తావా?"

కరుణమ్మ సోఫాలో కూర్చుంది. పర్సిస్ కింద, తల్లి మోకాళ్ల మధ్య కూర్చుంది. కరుణమ్మ కూతురి జుట్టు తడిపి, క్రీము రాసి, దువ్వెన ఎత్తింది. ఇంకా తగల్లేదు. పర్సిస్ ఎడమ చెయ్యి పైకి లేచి చెవిని మూసేసింది.

"నొప్పెట్టనమ్మా. చివర్ల నుంచే దువ్వుతాను."

పర్సిస్ నవ్వింది. "ఐ నో అమ్మా. నేను పెట్టలేదు, చెయ్యి అదే వెళ్తది. హ్యాబిట్."

కరుణమ్మ దువ్వెన దించింది. "తప్పు చేశాను తల్లీ. మీ గ్రాండ్‌మాని అడగాల్సింది. నాకు రాదని చెప్పి నేర్పమనాల్సింది."

"యా" అంది పర్సిస్. ఫరవాలేదని అనలేదు. "కట్ చెయ్యి" అంది.

కరుణమ్మ కత్తిరించింది. సాఫు పాయలు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి. మిగిలిన జుట్టు తడివేళ్ల కింద ఉంగరాలు తిరిగింది, అచ్చం ఎనిమిదేళ్లప్పటిలా. పర్సిస్ చెయ్యి మాత్రం చెవి మీద నుంచి దిగలేదు. తియ్యమని కరుణమ్మ అడగలేదు. ఆ చేతి చుట్టూ మెల్లగా కత్తిరించుకుంటూ వచ్చింది.