ఫ్రేము వేలాడుతున్న గోడ

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడమంటే ఏడ్చానని కాదు. తిన్నాను, పడుకున్నాను, ఆఫీసుకు వెళ్లాను. అది మాత్రం లోపల ఒక చోట అలాగే ఉంది, తిమ్మిరెక్కిన కాలులా. ఇప్పుడు మీకు చెప్పాలనిపిస్తోంది.

మాది కోస్తా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక మొయినాబాద్‌లో ఇల్లు కొనుక్కున్నాను. సెలవు రోజుల్లో కెమెరా భుజాన వేసుకుని చేవెళ్ల వైపు తిరిగేవాణ్ని. కూలిన ఇళ్లనే తీసేవాణ్ని, నలుపు తెలుపుల్లో. రంగు తీసేస్తే శిథిలం అందంగా ఉంటుందని నమ్మేవాణ్ని. అందులో ఎవరో బతికారన్న సంగతి కూడా రంగుతో పాటే పోతుందేమో. అప్పట్లో ఈ ఆలోచన రాలేదు.

సురంగల్ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తూ ఒక ఇల్లు సగం కూల్చారు. ముందు గది లేదు. వెనక గోడ ఒక్కటే నిలబడి ఉంది. దాని మీద మేకుకు ఒక ఫొటో ఫ్రేము వేలాడుతోంది. ఆ ఇంటి మనిషి సత్తెమ్మ. రేపు రావాల్సిన జేసీబీ ఇవాళే వచ్చిందని తెలిసి పొలం పని వదిలి పరుగెత్తుకొచ్చిందట. నన్ను చూడగానే దగ్గరికి వచ్చింది.

"సారు, ఆ ఫొటో నా బిడ్డది. సచ్చిపోయింది. ఇంకో ఫొటో లేదు నా దగ్గర. దూలం యేలాడుతున్నదని నన్ను లోపటికి పోనిస్తలేరు. మా తమ్ముడు ముడిమ్యాల నుంచి ఆటోల వస్తున్నడు, వాడు తీస్తడు. జర ఆపుమని చెప్పు సారు. ఆ డ్రైవర్‌కు తెలుగు రాదు, నా మాట సమజైతలేదు."

"చెప్తాను అవ్వా," అన్నాను.

చెప్పాలనే వెళ్లాను. నిజమేనా? జేసీబీ దాకా నడిచేసరికి ఎండ ఆ గోడ మీద ఏటవాలుగా పడింది. డ్రైవరు పాతికేళ్ల బీహారీ కుర్రాడు. కెమెరా చూసి నన్ను అధికారి అనుకున్నట్టున్నాడు. ఇంజను తగ్గించి, అవ్వ వైపు చూపించి, "ఆపాలా సార్?" అని హిందీలో అడిగాడు.

నేనూ హిందీలోనే చెప్పాను. "వద్దు, కానివ్వు. నేను అటు నిలబడ్డాక నెట్టు."

ఎందుకన్నాను? ఎలాగూ కూలే గోడే కదా, తమ్ముడు వేళకు రాకపోయేవాడేమో, వచ్చినా ఆ దూలం అతని మీద పడేదేమో అని ఇన్నేళ్లూ జవాబులు తయారు చేసుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు. గోడ కూలే ఆ క్షణం ఫొటో నాకు కావాలి. అంతే.

గోడ వంగింది. కెమెరా నొక్కాను. ఫ్రేము ఇంకా గోడను వదల్లేదు. తర్వాత అంతా దుమ్ము.

"చెప్పాను అవ్వా. వినలేదు," అన్నాను వెనక్కి వచ్చి. కాసేపటికి ఆటో వచ్చింది. అక్కాతమ్ముడూ ఇటుకల్లో వెతికారు. గాజు పెంకులూ నలిగిన కాగితం ముక్కలూ దొరికాయి. నేను కారెక్కాను.

ఆ ఫొటోను నగరంలో ఒక ప్రదర్శనలో పెద్దదిగా పెట్టారు. జనం దాని ముందు ఆగి ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. ఫ్రేములో అమ్మాయి ఎవరని ఒకావిడ అడిగింది. తెలియదన్నాను.

కిందటి నెల కంప్యూటర్‌లో దాన్ని పెద్దది చేసి చూశాను. మొహం దొరికింది. కాస్త మసక. కానీ కళ్లు తెలుస్తున్నాయి. ఆ మొహం వరకే అచ్చు వేయించి, సురంగల్‌లో వాకబు చేసి, ముడిమ్యాలలో తమ్ముడింట్లో ఉంటున్న సత్తెమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అంతా చెప్పేద్దామనే.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. "నా లచ్చి," అంది. తర్వాత మరదల్ని పిలిచి నన్ను చూపించింది.

"ఆ దినం ఆపుమని చెప్పింది ఈ సారే. ఆ డ్రైవర్‌గాడే ఇనలే. వాని చేతులు పడిపోను! ఇయ్యాల్టికీ దినాం తిట్టుకుంట వాణ్ని."

చాయ్ ఇచ్చారు. తాగాను. ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలియదు. ముడిమ్యాలలో ఒక ముసలామె రోజూ తనను శపిస్తోందని అతనికీ తెలియదు. అతను ఆగాడు. ఆపాలా అని అడిగాడు. ఆపొద్దన్నది నేను.

ఈ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పగలనో లేదో తెలియదు. మీకు చెప్పాను. రాసి చూసుకుంటే ఆ వాక్యం చాలా చిన్నగా ఉంది. ఊపిరి కొంచెం ఆడుతోంది.